రెండున్నర

సోమవారం పొద్దున కంప్యూటరు తెరిచేసరికి, ఎడమ పక్కన ఎప్పుడూ వరసగా ఉండే మూడు గుర్తులూ కళ్ళజోడక్కకి కనిపించలేదు. పుస్తకాల పేజీలు పేర్చే సాఫ్ట్‌వేరు లేదు. గీతలతో లేబుళ్ళూ అట్టపెట్టెలూ గీసేది లేదు. ఫొటోలు దిద్దేది లేదు. వాటి చోట కొత్తది ఒక్కటే ఉంది, పిప్పరమెంటు బిళ్ళలా గుండ్రంగా మెరుస్తూ. వైరసేదో తినేసిందనుకుంది. మెడలోని తాడుకి వేలాడే కళ్ళజోడు తుడిచి పెట్టుకుని మళ్ళీ చూసింది.

"వెతక్కండక్కా, నేనే తీయించేశాను," అన్నాడు వెనక నుంచి మేనేజరు.

ఆయన ప్రెస్సు యజమానికి అల్లుడు. మామగారి మోకాలికి ఆపరేషనయ్యాక మూడు నెలల నుంచి ఆ కుర్చీలో ఈయనే కూర్చుంటున్నాడు. ఎదురుగా మేనేజరుగారు, చాటున అల్లుడుగారు.

"మూడెందుకు, ఒక్కటి చాలు. పోస్టరైనా, పుస్తకమైనా, లేబులైనా ఇందులోనే. అంతా రెడీమేడ్. బొమ్మ ఎంచుకోవడం, పేరు మార్చడం, పంపేయడం. మా మేనకోడలు ఎనిమిదో తరగతి, చిటికెలో చేసేస్తుంది."

"చేస్తుంది సార్. ఫోన్లో పంపుకునే పోస్టర్లకి దీన్ని మించింది లేదు, నేనూ వాడతాను," అందామె. "కానీ రెండొందల పేజీల పుస్తకం ఇందులో నిలబడదు. మందుల లేబులైతే మరీను. అందులో గీసిన అక్షరం ఎంత పెద్దది చేసినా, ఎంత చిన్నది చేసినా అక్షరంలాగే ఉండాలి. ఇందులో గళ్ళు గళ్ళుగా అయిపోతుంది. వడ్డించే గరిటె మంచిదే, దాంతో బావి తవ్వమంటే ఎలా?"

అల్లుడుగారు నవ్వాడు. "మీ సామెతలకేం, బ్రహ్మాండంగా ఉంటాయి. పని కూడా అంత చురుగ్గా అయితే బాగుండు." నవ్వు ముఖం మీద ఉండగానే గొంతు కొంచెం తగ్గించాడు. "చేతకాకపోతే చెప్పండక్కా, మొహమాటపడకండి. చేతనైనవాళ్ళు బయట బోలెడుమంది."

ఆమె చెవులు వేడెక్కాయి. పందొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు. జవాబు నాలుక చివరి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇంట్లో చెల్లెలుంది. దాని ఒళ్ళో ఏడు నెలల పసివాడున్నాడు. వాడి తండ్రి ఓడ దిగి రావడానికి ఇంకా అయిదు నెలలు. ఆమె కొత్త గుర్తు మీద రెండుసార్లు నొక్కింది.

*

బుధవారం మందుల కంపెనీ నుంచి పని వచ్చింది. పసిపిల్లల జ్వరం సిరప్ సీసాకి లేబులు. లేబులు పాతదే, మోతాదుల పట్టిక మాత్రం మార్చాలి. మూడు నెలల నుంచి ఆరు నెలల పిల్లలకి 2.5 మిల్లీలీటర్లు, ఆరు నెలలు దాటి రెండేళ్ళ లోపు వాళ్ళకి 5.

పాత లేబులు ఆమె గీతల సాఫ్ట్‌వేరులో గీసింది. కొత్తది ఆ ఫైలు తెరవనంది. చివరికి దాన్ని ఒక బొమ్మగా మార్చి లోపల పెట్టి, పాత పట్టిక మీద ముదురు ఊదారంగు డబ్బా కప్పి, దానిమీద తెల్లటి అంకెలు మళ్ళీ కొట్టింది. అది చిరుగు మీద మాసిక వెయ్యడం లాంటి పని. ముదురు రంగు మధ్య తెల్ల అక్షరం ఎంత ప్రమాదమో ఆమెకి తెలుసు. ఊదారంగంటే ఒక సిరా కాదు, రెండు మూడు సిరాలు ఒకదానిమీద ఒకటి పడితే వచ్చేది. మెషీను మీద కాగితం వెంట్రుకవాసి జరిగితే చాలు, ఆ సిరా సన్నటి తెల్లటి చోట్లలోకి పాకిపోతుంది. పాత సాఫ్ట్‌వేరైతే అంకెల అంచులు కత్తితో కోసినట్టు ఉండేవి, చుక్కని చేత్తో కాస్త లావు చేసేది. ఇక్కడ అంచులన్నీ నీళ్ళలో నానిన బిస్కెట్లా మెత్తబడ్డాయి.

పట్టికని తెర మీద పెద్దది చేసి చూసింది. రెండుకీ అయిదుకీ మధ్య చుక్క గసగసాల గింజంత కూడా లేదు. ఇంకా పెద్దది చేసింది. అది తెలుపు కాదు. అంచుల్లో ఊదా కలిసి, బూడిదరంగులో ఒక మరక.

అద్దం గోడకి అవతల అల్లుడుగారు కుర్చీలో వెనక్కి వాలి ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు. ఆమె లేచి వెళ్ళి తలుపు తట్టొచ్చు. ఇది ఇలా పోకూడదు, పాతది ఒక్క గంట తిరిగి పెట్టించండి అనొచ్చు. లేచి వెళ్తే ఏం వినాల్సి వస్తుందో కూడా తెలుసు. కళ్ళు మళ్ళీ తెర మీదికి వచ్చాయి.

పోనీ, అనుకుంది. అచ్చై వస్తుందిగా. అప్పుడు తెలిసొస్తుంది.

'పంపు' అన్నచోట నొక్కింది. అచ్చుకి ముందు ప్రూఫు తీస్తారుగా, అక్కడ పట్టుకోవచ్చు అని కూడా అప్పుడే అనుకుందా లేదా అన్నది, ఆ తరవాతి రెండు రోజుల్లో ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకోబోయినా ఆమెకి తేలలేదు.

*

గురువారం భోజనాలయ్యాక ఆమె మెషీను గదిలోకి వెళ్ళింది. అక్కడ మెషీను నడిపే పెద్దాయన్ని అందరూ బాబాయి అంటారు. ఆయన రోలరు తుడుస్తున్నాడు. గది నిండా కిరసనాయిలు వాసన.

"బాబాయ్, సిరప్ లేబులు ప్రూఫు ఎప్పుడు తీస్తున్నావు? నేనోసారి చూడాలి."

"ప్రూఫెక్కడిది తల్లీ? పొద్దున్నే వేసేశాం. కస్టమరు ఫోన్లో చూసి ఓకే అన్నారట, అల్లుడుగారు నేరుగా అచ్చు ప్లేటు చేయించారు. కోశారు, కట్టారు, వ్యానెక్కించారు. పదకొండింటికే వెళ్ళిపోయాయి."

ఆమె చెయ్యి మెషీను అంచు మీద ఆగింది. ఇనుము ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"ఒక్క షీటైనా మిగిలిందా?"

బాబాయి గోడవార ఉన్న చిత్తు కాగితాల్లోంచి ఒకటి లాగి ఇచ్చాడు. ఆమె దాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి వంగింది. షీటుకి నాలుగు వరసలు, వరసకి ఆరు లేబుళ్ళు. మొదటి వరసలో చుక్క ఉంది. పలచగా, కానీ ఉంది. రెండో వరసలో ఉందనుకుంటే ఉంది. మూడో వరసలో వెతకాలి. నాలుగో వరస దగ్గర భూతద్దం తీసేసి ఉత్త కళ్ళతో చూసింది, మళ్ళీ భూతద్దం పెట్టింది. ఆరింట్లోనూ చుక్క లేదు. ఊదారంగు మీద తెల్లగా, నిండుగా, ఏ అనుమానమూ లేకుండా ఉంది: 25.

చుక్క పోతే పోస్టరు పాడవుతుంది, పుస్తకంలో తప్పు దొర్లుతుంది అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఇది గొంతులోకి దిగే తప్పు. నాలుగు నెలల పిల్లకి పదింతలు.

"కాగితం చివర సాగింది తల్లీ," అన్నాడు బాబాయి, భుజం మీంచి తొంగి చూసి. "అది ఎప్పుడూ సాగేదే. ఫైల్లోనే మసగ్గా ఉంటే నా మెషీనేం చేస్తుంది? అంత సన్నవి నా కళ్ళకి ఆనవు కూడాను." ఆయన గొంతులో కూడా భయం దూరింది. గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడవసాగాడు.

షీటు పట్టుకుని ఆమె అద్దాల గదిలోకి వెళ్ళింది. అల్లుడుగారు చూశాడు, దీపం కిందికి తీసుకెళ్ళి చూశాడు. ముఖంలో రంగు కాస్త మారింది. తరవాత షీటుని నాలుగు మడతలు పెట్టాడు.

"చుక్క ఉంది. నాకు కనపడుతోంది. పేరే కళ్ళజోడక్క, అద్దాలు మార్పించుకోండి."

"చివరి వరస చూడండి సార్. వాళ్ళకి ఫోన్ చేద్దాం. అంటించకముందే—"

"ఏమని చేస్తాం? మా ప్రెస్సు తప్పు చేసిందనా? వాళ్ళు రేపటి నుంచి మన గుమ్మం తొక్కుతారా?" గొంతు తగ్గించాడు. "ఇంకెవరికైనా చెప్పారా? చెప్పకండి. ఆ ఫైలు ఎవరు చేశారు? మీరు. పంపిందెవరు? మీరు. పోలీసుల దాకా పోతే ముందు పిలిచేది ఎవర్నో ఆలోచించుకోండి. ఏ తల్లైనా డాక్టర్ని అడక్కుండా పోస్తుందా ఎక్కడైనా? మీరు అనవసరంగా కంగారుపడి నన్ను కంగారుపెట్టకండి."

ఆమె బయటికి వచ్చింది. సాయంత్రం దాకా ఒక పళ్ళరసం పోస్టరులో నారింజపండుని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. ఎక్కడ పెట్టిందో, ఎక్కడ్నుంచి తీసిందో తెలియలేదు. ఫోను మోగినప్పుడల్లా అద్దాల గది వైపు చూసింది.

వెళ్ళేముందు మెషీను గదిలో చిత్తు కాగితాల్లోంచి ఇంకో షీటు తీసింది. చివరి వరసలో ఒక లేబులు కత్తిరించి పర్సులో పెట్టుకుంది.

*

ఇంట్లో చెల్లెలు పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తోంది. వాడికి పళ్ళు వస్తున్నాయి. మూడు రోజులుగా తల్లినీ పడుకోనివ్వడం లేదు, వాడూ పడుకోవడం లేదు. చెల్లెలి కళ్ళ కింద నల్లగా చారలు.

"వచ్చావా అక్కా, కాసేపు వీణ్ణి పట్టుకో. నా చేతులు నావి కాకుండా పోయాయి."

ఆమె పిల్లవాణ్ణి అందుకుంది. వాడు కళ్ళజోడు తాడు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. వాడి బరువు అంతకు ముందెప్పుడూ అంత తక్కువ అనిపించలేదు. పర్సులోంచి లేబులు తీసి చెల్లెలికి ఇచ్చింది.

"ఇది చదువు. నాలుగు నెలల పిల్లకి ఎంత పొయ్యాలని ఉంది?"

చెల్లెలు ఆవలిస్తూనే తీసుకుంది. "ఏం, మీ ఆఫీసులో ఎవరి పిల్లకైనా జ్వరమా?" ఆవలింత పూర్తి కాకముందే చదివేసింది. "ఇరవై అయిదు."

"సరిగ్గా చూడు."

"చూశాగా. ఇరవై అయిదు మిల్లీలీటర్లు. మూతకి పది పడుతుంది కదా, రెండు మూతలూ ఇంకో సగం." చెల్లెలు లేబులు తిరిగి ఇచ్చేసి మంచం అంచు మీద కూలబడింది. "చాలా ఎక్కువే పొయ్యమన్నాడే అనిపిస్తుంది. కానీ అచ్చేసి ఉందిగా. వాడికి తెలియకుండా వేస్తాడా?"

పట్టికలో కింది వరస చూడలేదు చెల్లెలు. ఆరు దాటినవాళ్ళకి అయిదే అని కింద ఉంది. ఆ మాత్రం చూస్తే తప్పని తెలిసిపోతుంది. కానీ నిద్రలేని తల్లి కింది వరస చూడదు. తన పిల్ల వరస ఒక్కటే చూస్తుంది. మూతలో పోస్తుంది. నోరు తెరవకపోతే బుగ్గలు నొక్కి మరీ పోస్తుంది.

"అక్కా, అంత గట్టిగా పట్టుకోకే. వాడికి ఊపిరాడద్దూ?"

ఆమె చేతులు వదులు చేసింది.

*

శుక్రవారం ఆమె ప్రెస్సుకి వెళ్ళే బస్సు ఎక్కలేదు. రెండు బస్సులు మారి మందుల కంపెనీ గేటు ముందు దిగింది. దారి పొడుగునా ఒకటే లెక్క. నిన్న పదకొండింటికి వ్యాను బయల్దేరింది. మధ్యాహ్నానికి చేరి ఉంటుంది. నిన్ననే అంటించేసి ఉంటే? నిన్ననే లారీ ఎక్కించేసి ఉంటే? కంపెనీకి ఫోన్ చేస్తే మళ్ళీ ప్రెస్సుకే కలుపుతారేమో, అల్లుడుగారే ఎత్తుతాడేమో అని భయం. నడిస్తే కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి.

గేటు దగ్గర కాపలావాడు ఎవరు కావాలన్నాడు. ఎవరు కావాలో ఆమెకి తెలియదు. "లేబుళ్ళు చూసేవాళ్ళు," అంది. అరగంట కూర్చోబెట్టాడు. తరవాత తెల్లకోటు తొడుక్కున్న ఒకావిడ వచ్చి లోపలికి తీసుకెళ్ళింది. ముప్పై ఏళ్ళుంటాయి, మందుల నాణ్యత చూసే క్వాలిటీ మేడమట. ఆ గదికి ఒక పక్కంతా అద్దం. అద్దం అవతల సీసాలు ఒకదాని వెనక ఒకటి బడిపిల్లల్లా వరసగా వస్తున్నాయి. ఒక చక్రం దగ్గర ఒక్క క్షణం తిరుగుతున్నాయి. ఇటు వచ్చేసరికి ఒంటి మీద ఊదారంగు.

కళ్ళజోడక్క లేబులు బల్ల మీద పెట్టి, వేలు చూపించింది. "ఇది నేను చేసిందే మేడమ్. ఇక్కడ చుక్క ఉండాలి."

మేడమ్ లేబులు చేతిలోకి తీసుకుంది. దాన్ని బల్ల మీద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, వేలితో పైకి తోసి తోసి, ఒకచోట ఆగింది.

"ఓకే అన్నది నేనే. బస్సులో నిలబడి చూశాను. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని." లేచి వెళ్ళి తలుపు మూసింది. వెనక్కి తిరిగి, తలుపుకి ఆనుకునే అడిగింది, "మీరు ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

నిన్న విన్న మాటే. అక్షరం తేడా లేదు. ఈవిడా అంతే. ఇప్పుడు ఆ లేబులు నాలుగు మడతలు పెడుతుంది. కళ్ళజోడక్క తనకి తెలియకుండానే బల్ల మీదికి చెయ్యి చాపింది, లేబులు తిరిగి తీసుకోవడానికి.

"లేదు మేడమ్."

మేడమ్ అద్దంలోంచి చూస్తోంది. సీసా, సీసా, సీసా.

"అయితే చెప్పకండి. నేను చెప్పాలి," అంటూ తలుపు తీసి దాదాపు పరిగెత్తింది. అద్దం అవతల ఆమె ఒక ఎర్ర మీట మీద అరచేత్తో కొట్టడం కనిపించింది. సీసాలు ఒకదానికొకటి తగులుకుని ఆగిపోయాయి.

మధ్యాహ్నం దాకా లెక్కలు చూశారు, ప్రెస్సులో ఎవరేమన్నారో ఆమెని అడిగారు. అంటించడం ఆ పొద్దుటే మొదలైంది. సీసాలన్నీ ఆ హాల్లోనే ఉన్నాయి. గేటు దాటినవి లేవు. ఆ మాట విన్నాక కళ్ళజోడక్క దాహమంది. కాపలావాడు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె సగం తాగింది, సగం ఒళ్ళో పోసుకుంది.

*

ప్రెస్సుకి చేరేసరికి యజమాని పెద్దాయన వచ్చి ఉన్నాడు. ఆపరేషను తరవాత ఇదే రావడం. చేతికర్ర బల్లకి ఆనించి, అల్లుడు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. అల్లుడు గోడ పక్కన నిలబడ్డాడు, ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. బాబాయి గుమ్మంలో ఉన్నాడు, చేతిలో నూనె గుడ్డ.

"రామ్మా, కూర్చో. కంపెనీవాళ్ళు అంతా చెప్పారు," అన్నాడు పెద్దాయన. "నువ్వు వెళ్ళకపోతే ఈపాటికి ఏమయ్యుండేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. నోటికి తాళం వెయ్యమన్నాడట గదా మావాడు." అల్లుడి వైపు చూడకుండానే కర్ర అందుకుని అటు చూపించాడు. "అన్ని రోగాలకీ ఒకే మాత్ర అన్నట్టు, అన్ని పనులకీ ఒకే సాఫ్ట్‌వేరట! రేపు పొద్దుటికి నీ మూడూ నీకు తిరిగి పెట్టిస్తాను. నీ తప్పు ఇందులో ఆవగింజంత లేదమ్మా. నువ్వు ముందే చెప్పావట, వీడే వినలేదు."

"సోమవారమే చెప్పింది, నా మెషీను గదిలోకి వినపడింది," అన్నాడు బాబాయి గుమ్మంలోంచి.

అంతా అయిపోయింది. ఇక కళ్ళజోడక్క తల ఊపి ఇంటికి వెళ్ళిపోవచ్చు. రెండు రోజులుగా గుండె మీద కూర్చున్న బండ దిగిపోవాలి. దిగలేదు. పోలీసులంటే భయం అనుకుంది, ఉద్యోగమంటే భయం అనుకుంది. అవి రెండూ పోయాక కూడా అది అక్కడే ఉంది. గోడ పక్కన నిలబడ్డ మనిషి ముఖం చూసింది. బుధవారం తను కోరుకున్నది సరిగ్గా ఇదే.

"సార్, నేను చూశాను," అంది.

"ఏం చూశావు?"

"చుక్క. పంపకముందే. బూడిదరంగులో ఉంది, నిలవదని తెలుసు. ఈయన్ని పిలవాల్సింది. పిలవలేదు." కళ్ళజోడు తీసి తాడుకి వదిలేసింది. "పాడవనీ అనుకున్నాను. పాడైతే ఈయనకి బుద్ధొస్తుంది అనుకున్నాను. పసిపిల్లలు తాగేదని ఆ క్షణంలో గుర్తే లేదు. గుర్తుండి కూడా పంపానేమో, ఏమో, అదే నాకు తెలియడంలేదు."

బాబాయి తల దించుకున్నాడు. పెద్దాయన చేతికర్ర పిడి మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు.

"ఎవరూ అడగలేదు కదమ్మా," అన్నాడు చివరికి. "ఎందుకు చెప్పావు?"

"మొన్న నోరు తెరవాల్సినప్పుడు తెరవలేదు సార్. ఇవాళ కూడా తెరవకపోతే అలవాటైపోతుంది."

పెద్దాయన నిట్టూర్చాడు. "అయితే విను. ఇక మీదట నీ ఫైలు ఏదీ నువ్వొక్కదానివే చూసి అచ్చుకి పంపడానికి లేదు. ఇంకొకరు కూడా చూసి సంతకం పెట్టాలి. ఎన్నాళ్ళో నేనిప్పుడు చెప్పలేను." అమ్మా అనలేదు. కర్ర ఊనుకుని, బాబాయి భుజం ఆసరాతో మెల్లగా బయటికి నడిచాడు.

ఆమె తన గదిలోకి వచ్చి కూర్చుంది. తలుపు దగ్గర అలికిడైతే తలెత్తింది. అల్లుడుగారు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే ఆగాడు. తిడతాడనుకుంది. తిట్టినా పడాలి అనుకుంది.

"అక్కా," అన్నాడు. ఒక అడుగు లోపలికి వేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "సోమవారం నుంచి ఈ కొత్తదాంట్లో చేసినవి ఇంకా ఉన్నాయి కదా. అన్నీ నేనే తొందరపెట్టి పంపించాను. వాటిల్లో... ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

బుధవారం తప్ప ఆమె ఇంకెప్పుడూ తెలిసి పంపలేదు. తెలియకుండా ఎన్ని పంపిందో తెలియదు. సోమవారం నుంచి చేసిన పనుల జాబితా తెర మీద తెరిచింది. పదిహేడు ఉన్నాయి. మొదటిది గ్యాస్ పొయ్యి వాడే పద్ధతి చెప్పే కాగితం.

"కుర్చీ తెచ్చుకోండి సార్," అంది. "ఒక్కొక్క అంకే నేను చదువుతాను. మీరు అసలు కాగితంలో చూస్తూ ఉండండి."

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆమె మొదటి అంకె పైకి చదివింది.